పంచాంగము చదివిన పుంజు

ధనుర్మాసము నడిమికి వచ్చునప్పటికి కోనసీమలో, అనగా గౌతమీ వసిష్ఠల నడుమ నున్న ఆ కొబ్బరితోటల దేశమున, అమలాపురము మొదలు రాజోలు వరకు, కొత్తపేట మొదలు మురమళ్ల వరకు, ఏడాది పొడుగున తిథివారముల ఊసే యెత్తని పెద్దమనుష్యు లనేకులు హఠాత్తుగా జ్యోతిష్కులై, అరచేత నొక చిన్న పుస్తకము పట్టుకొని, నేడు కాకి నెమలిని గెలుచునా, డేగ పర్లకు లోబడునా, తూర్పు దిక్కున వదలవలెనా, ఉత్తరమున వదలవలెనా యని కనుబొమలు ముడిచి విచారించుచు కానవచ్చెదరు. ఆ పుస్తకము పేరు కుక్కుటశాస్త్రము. వేదాంగములారింటిలో దీనికి చోటు దొరకకపోవుట పూర్వులు చేసిన అపచారమని వీరి యభిప్రాయము కాబోలు.

నల్లనిది కాకి, తెల్లనిది సేతు, ఎర్రనిది డేగ, రెక్కల మీదనో వీపు మీదనో పసుపు తిరిగినది నెమలి, మెడపై నలుపును తెలుపును సమముగా కలసినది పర్ల. ఇంకను సవల, మైల, కౌజు, పింగళ, అబ్రాసు మొదలుగా గల ఈ పేళ్లను చూచినప్పుడు పల్లెటూరివాని కంటి చురుకుదనమునకు నాకు గౌరవమే కలుగును. వాటి జోలికి నేను పోను. ఆ రంగు నుదుటివ్రాతగా మారిన చోటనే నా జగడము. ఇరువదియేడు నక్షత్రములు, ఏడు వారములు, రెండు పక్షములు, ఎనిమిది దిక్కులు చాలక, పక్షికి భోజనము, గమనము, రాజ్యము, నిద్ర, మరణమని అయిదవస్థలు కల్పించి వాటిని జాములకు పంచిరి. అదియు చాలక, అకారాది స్వరములను అయిదు పక్షుల కప్పగించి, యజమానుని పేరులోని మొదటి యచ్చును బట్టి కూడ జయాపజయములు నిర్ణయించిరి. అనగా నలుబదియేండ్ల క్రిందట బారసాలనాడు మేనత్త యేదో ముచ్చటపడి పెట్టిన పేరునకు నేడు మురమళ్ల బరిలో నొక అమాయకపు పుంజు మెడ యొగ్గవలయును.

ఇచట నాకొక సందేహము. పందెమునకు ఇరువురు వత్తురు. ఇరువురి సంచులలోను ఆ పుస్తకమే యుండును. శాస్త్రము సత్యమగునేని, ఈ జామున డేగ చచ్చునని చదివికొన్నవాడు తన డేగను సంకన బెట్టుకొని ఇంటిదారి పట్టవలెను గదా. ఎదుటివాడు తన నెమలితో బరి నడుమ ఒంటిగా నిలువవలెను గదా. అట్లు జరిగినచో భోగి, సంక్రాంతి, కనుమ మూడునాళ్లును గడచినను ఒక్క పందెమైన పడదు. కత్తులు తుప్పు పట్టును. బరి చుట్టును వెలసిన గుండాటవారును పేకాటవారును సరంజామా సర్దుకొందురు. జంతుహింసను వారించు 1960 నాటి చట్టమును, జూదమును వారించు 1974 నాటి చట్టమును, 2016 డిసెంబరులో హైకోర్టు ఇచ్చిన ఉత్తర్వును కలసి ఏటేట సాధింపలేకున్న కార్యమును ఈ చిన్న పుస్తక మొక్కటియే సాధించి, పోలీసువారికి పండుగపూట ఇంట అరిసెలు తిను యోగము కల్పించును. అది జరుగుట లేదు. కావున, ఇరువురికిని గెలుపే వ్రాసి యుంచిన గ్రంథమిది యని తేలుచున్నది.

"అట్లు కాదండీ" యని పండితుడు సెలవిచ్చును. ఓడిన డేగ అచ్చమైన డేగ కాదట. తోక మొదట నాలుగు ఈకలు పర్లఛాయగా నున్నవట. లేదా ఘడియ తప్పినదట. పంచాంగములోని సూర్యోదయము వేరు, అమలాపురపు సూర్యోదయము వేరట. అదియు కాదన్నచో, కోడిని విడిచినవాడు ఎడమకాలు ముందు వేసెనట. ఓటమికి ఇన్ని వ్యాఖ్యానములు గల ఈ శాస్త్రమునకు గెలుపు విషయమున నొక్క టిప్పణియైన నక్కరలేదు. ఇక ముసుగు పందెమన్నది కలదు. విడుచువరకు ఎదుటి కోడి యేదో కంటబడదు. ఏ రంగుపై ఏ రంగు గెలుచునన్న విద్యకు ఎదుటి రంగే తెలియనప్పుడు మిగిలిన పని యేమో నాకు బోధపడలేదు.

పక్షులను వర్గములుగా విభజించుట తప్పని నేననను. బర్మింగుహాము పేరిట ప్రసిద్ధికెక్కిన పల్టీల పావురములను పెంచువారు, పోటీలలో ఇరువదేసి పక్షులను ఒక్క గుంపుగా ఎగురవేయువారు, ఆడవాటిని మగవాటిని వేరుచేయుదురు. పిల్లలను ముదురువాటిని వేరుచేయుదురు. జతకట్టు తలపున నున్న పక్షి గుంపును మరచునని, లేతపక్షి పెద్దవాటితో సమముగా తిరుగలేదని వారు ఆకాశము వంక చూచి తెలిసికొన్నారు. ఆకాశము వంక మన కుక్కుటపండితులును చూచుచున్నారు గాని, వీరు చూచునది నక్షత్రములను. అక్బరు కొలువున ఇరువదివేలకు పైగా పావురములుండెనని, వానిలో అయిదువందలు ఖాసావని, అనగా ఏర్చి కూర్చిన మేలివని, వ్రాసిన అబుల్ ఫజలు, రంగుల పట్టికయు వ్రాసెను; కాని మేలుజాతి పక్షి ఘనతను చెప్పవలసి వచ్చినప్పుడు, అది పదునైదు చక్రములు తిరుగును, డెబ్బది పల్టీలు వేయునని లెక్క చెప్పెనే గాని, పాదుషా పేరు అకారముతో మొదలగుటచే గొప్పదని చెప్పలేదు.

విచిత్రమేమనగా, కోనసీమ పెంపకందారునికి ఇదంతయు తెలియును. పుంజును పెట్టల కంటబడనీయక నెలల తరబడి వేరుగా కట్టును. ప్రాయము చూచును, తూకము చూచును. చోళ్లు, గంట్లు, బాదము, కీమా వేళకు పెట్టును. నీట ఈదించి, కాపడము పెట్టి, తన బిడ్డకైనను చేయని శుశ్రూష దానికి చేయును. ఈ కూలివాని చాకిరి యంతయు ఫలించి కోడి గెలిచిననాడు, జనము వాని వంక చూడరు. "నక్షత్రము కుదిరినది" యని పండితునికి కండువా కప్పుదురు.

శాస్త్రము ప్రాచీనమన్న వాదము కలదు. ప్రాచీనులలో దండికంటె నెవరు కావలెను? దశకుమారచరితమున ప్రమతి యను కుమారుడు దారిలో నొక కోడిపందెము చూచి, బలమునందును ప్రమాణమునందును అధికమైన నారికేళజాతి కోడిమీదికి బలాకాజాతి కోడిని ఆలోచింపక విడిచిరేమని నవ్వుకొనును. అతడనుకొన్నట్లే ఆ రెండవది ఓడిపోవును. అతడు ఒడలు చూచెను, జాతి చూచెను, తిథి అడుగలేదు. నారికేళమను పేరు వినియైన కోనసీమవారు ఆ కథను ఆదరింపవలసినది. ఇక నేటి బరిలో కోడి కాలికి కట్టు ఉక్కుకత్తి ఏ నక్షత్రమున పుట్టినదో ఏ గ్రంథమునను లేదు. అది ముందుగా ఎవరి పొట్టకు తగిలిన వారి పని అంతటితో సరి, రాజ్యావస్థయైనను, నిద్రావస్థయైనను.

పండితులకు నాదొక విన్నపము. వచ్చు భోగినాడు కత్తి కట్టకముందే, ముసుగు తీయకముందే, వరుసగా నూరు పందెములకు ఏ పక్షము గెలుచునో కాగితముపై వ్రాసి, సంతకము చేసి, కవరు అంటించి ఊరిపెద్ద చేతికీయవలయును. రూపాయిబిళ్ల ఎగురవేసి చెప్పినను సగము నిజమగును గనుక, అంతకు చాల మించి చూపవలయును. దక్షిణ కవరు విప్పిన తరువాత పుచ్చుకొనవచ్చును.