మొక్కకో చీటీ కట్టించండి మహాప్రభో!

మొక్కల అమ్మకాలు చూసే శాఖాధిపతి గారికి,

ఆ శాఖ ఏదో మాకు తెలీదు. ఉద్యానమా, వ్యవసాయమా, పశుసంవర్ధకమా, అందరూ కూర్చుని తేల్చుకోండి.

అయ్యా, తమరు క్షేమమని తలుస్తాను. ఇక్కడ టెక్కలిలో మా టైగర్ క్షేమంగా లేడు. హైవే పక్కన మొక్కల వ్యాన్ ఆగితే మా ఆవిడ గులాబీ రంగు పూల ఆర్కిడ్ బేరమాడింది. "కుక్క ఉందా? అయితే వద్దండీ, ఆర్కిడ్ విషం. సైకస్ పట్టుకెళ్లండి, ఏం కాదు" అన్నాడు వ్యాపారి. తెచ్చి అరుగు మీద పెట్టాం. చుట్టలు చుట్టుకుని పైకొస్తున్న లేత చిగురుని టైగర్ మొదలంటా నమిలేశాడు. రాత్రంతా కక్కుతూనే ఉన్నాడు. "కుక్కలు గడ్డి తిని కక్కవేటి?" అంది పక్కింటి పిన్ని. ఆ తర్వాత వాడి కళ్లు పచ్చబడ్డాయి.

వ్యాపారి చెప్పింది పూర్తిగా తిరగేసిన మాట. ఇళ్లలో పెంచే ఫెలనాప్సిస్ ఆర్కిడ్‌ని అమెరికాలోని జంతు సంరక్షణ సంస్థ ఏఎస్‌పీసీఏ కుక్కలకీ పిల్లులకీ విషం కాని మొక్కల్లోనే చేర్చింది. నమిలితే మహా అయితే ఓ వాంతి. భయపడాల్సింది కుండీలో చల్లే ఎరువుకీ నత్తల మందుకీ. సైకస్‌కి మాత్రం ఆకు, వేరు, గింజ అన్నీ విషమే, గింజ మరీను. అందులోని సైకసిన్ లివర్‌ని దెబ్బతీస్తుంది. వాంతులు గంటల్లోనే మొదలవుతాయి. లివర్ సంగతి బయటపడేసరికి రెండు మూడు రోజులు పడుతుంది. కడియంలో లోడెత్తిన మొక్క ఇచ్ఛాపురం దాటేదాకా దాని గుణమేంటని అడిగే నాథుడు లేడు. పురుగుమందు డబ్బా మీద పుర్రె బొమ్మ వేయించే సర్కారుకి సైకస్ కుండీకి ఒక్క చీటీ కట్టించడం చేతకాదా? సిగ్గనిపించదా?

ఆఫీసుల్లో మూలమూలనా డిఫెన్‌బాకియా. నమిలితే నోరు వాచి చొంగ కారుతుంది. దాని పక్కనే తమ కుర్చీ. హైవే డివైడర్ల మీద గన్నేరు. అది గుండెకే ఎసరు. జీడిపప్పుతో పాటు కొన్న కిస్‌మిస్ కుక్కకి పెడితే కిడ్నీలు పోవచ్చని ఎవరైనా చెప్పారా? అదీ కిడ్నీ అంటే ఊళ్లకు ఊళ్లు ఉలిక్కిపడే ఉద్దానంలో!

మనుషుల కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇంకా తేలలేదు, నీకు కుక్క లివర్ కావాల్సొచ్చిందా అంటారు. అనండి. 2023లో పలాసలో కిడ్నీ ఆస్పత్రి తెరిచారు, సంతోషం. టైగర్‌కి లివర్ పరీక్ష చేయమంటే మాత్రం ఇక్కడ కాదు, విశాఖ తీసుకెళ్లమన్నారు.

అయ్యా, కోపంలో ఏదో అన్నాను. దణ్ణం పెడతాను. పెద్ద పథకం అడగట్లేదు, శిలాఫలకం అక్కర్లేదు. అమ్మే ప్రతి కుండీకి తెలుగులో మూడు ముక్కలు కట్టించండి. మొక్క పేరు, విషమా కాదా, తింటే ఏం చెయ్యాలి. అంతే.

పాఠకులారా, ఆయన జవాబిచ్చేదాకా ఆగకండి. కుక్కున్న ఇంట్లో సైకస్ ఉంటే ఇవాళే తీసేయండి. కొరికిందని తెలిస్తే కక్కేదాకా చూడకుండా డాక్టరు దగ్గరికి పరిగెత్తండి. ఆర్కిడ్ మాత్రం నిక్షేపంగా కొనుక్కోండి.