ఇరువదియొకటవ పటము

నన్ను చూచువారు మొదట నా పూవులను చూతురు. నా ప్రస్తుత యజమానుడు మాత్రము మొదట నా అంచులను చూచెను. చట్రమునుండి వేఱుచేసి, తెల్లని గుడ్డ పఱచిన బల్లమీద నన్ను పరుండబెట్టి, కిటికీకి తెరవేసి, చేతిదీపమును ఒక ప్రక్కనుండి ఏటవాలుగా పట్టుకొని, ఆ వృద్ధుడు నా దేహమందలి మిట్టపల్లములను వాని నీడలనుబట్టి చదువ మొదలిడినప్పుడు, రెండువందల యేండ్లు దాటిన నా బ్రతుకున నన్నింత ఓపికతో విచారించినవాడు మఱియొకడు లేడు గదా యని నాకు తోచినది. ఈ పరీక్ష జరిగినది సాతంరాయిలో, బెంగుళూరు రహదారికి కొంచెము లోనుగా నున్న యొక యింటి వెనుకగదిలో. శంషాబాదున 2008లో విమానాశ్రయము వెలసినది మొదలు ఈ యింటి అద్దములు మాటిమాటికి సన్నగా వణకుచుండుట పరిపాటియట.

నేను మోదుగపూల పటమును. సంస్కృత కవులు పలాశమనియు, చిలుకముక్కువంటి పూరేకును చూచి 'ఇది చిలుకయా?' యని శంకించి కింశుకమనియు పిలిచిన ఆ చెట్టునే తెలుగు గృహిణులు విస్తరాకుల నిమిత్తము వెదకికొందురు. విలియం రాక్స్‌బర్గ్ రచించిన 'కోరమాండల్ తీరపు మొక్కలు' అను మహాగ్రంథమున, 1795లో వెలువడిన మొదటి సంపుటమందు, ఇరువదియొకటవ పటముగా నేను ముద్రితమైతిని. 1820 నాటికి మూడు సంపుటములుగా, 300 పటములతో పూర్తియైన గ్రంథమది. అందు నాకు బ్యూటియా ఫ్రాండోసా అని నామకరణము జరిగినది. బ్యూట్ ప్రభువను బ్రిటిషు రాజకీయవేత్త గౌరవార్థము ఆ పేరు నిర్ణయించిన కోనిగ్ పండితుడు మాత్రము నన్ను చూడకయే 1785లో కాకినాడ జగన్నాథపురమున కన్నుమూసెను. ఏనాడును మోదుగనీడను నిలువని ప్రభువు పేరు మా వంశమునకు లాటినులో స్థిరపడగా, తెలుగువారు పెట్టుకొన్న పేరు వివరణమందు ఒదిగి కూర్చున్నది.

నా తొలి రూపము దిద్దబడినది లండనున గాదు, గోదావరి సీమలో. 1776లో వైద్యుడుగా మదరాసు చేరిన రాక్స్‌బర్గ్, 1781 మొదలుకొని సామర్లకోటయందు కుంపిణీవారి తోటను పోషించుచు, ఉత్తర సర్కారుల అడవులందు దొరకిన మొక్కల నెల్ల దేశీయ చిత్రకారులచేత వ్రాయించుచుండెను. కొమ్మ విఱిచి తెచ్చినవా డెవడో, పూరేకు వాడిపోకమునుపే దాని వంపును కుంచెతో పట్టుకొన్నవా డెవడో, పుష్పమును విప్పి కేసరములను వేఱుగా చూపినవా డెవడో, ఆ చేతుల వేడిమి నాకు జ్ఞాపకమున్నదే గాని పేర్లు లేవు. వారు వ్రాసిన చిత్రములు నౌకలమీద కుంపిణీ డైరెక్టర్లకు చేరగా, సర్ జోసెఫ్ బ్యాంక్స్ వానినుండి అచ్చునకు తగినవానిని ఎన్నుకొనెను.

అటుపిమ్మట నాకు రెండవ జన్మము. నునుపుగా సానబెట్టిన రాగిరేకుమీద, ఎడమను కుడిగా, కుడిని ఎడమగా తలక్రిందుచేసి చూడనేర్చిన చెక్కుడుపనివాడు ఉక్కుముల్లుతో నా ఈనెలను గీచెను. ఆ గ్రంథమునకు రేకులు చెక్కినవారిలో డేనియల్ మెకంజీ పేరు చరిత్రకెక్కినది. గాట్లలో సిరాను నింపి, పైపై సిరాను తుడిచి, తడిపిన కాగితమును కప్పి, రెండు ఉరుళ్లనడుమ నొక్కగా, గాటులోని సిరా కాగితమున కంటుకొని రవ్వంత ఉబ్బెత్తుగా నిలిచినది. రేకు అంచు కాగితములో దిగి, చుట్టును సన్నని పల్లపుగీత మిగిల్చినది. ఆ గీతయే నా పుట్టుమచ్చ. అటుపై కుంచె పట్టినవారు ఒక్కొక్క పూవునకు చేతితో రంగు వేసిరి. కావున ఒకే రేకునుండి పుట్టినను మాలో ఏ రెండు పటముల నారింజవన్నెయు సరిగా ఒకటి గాదు.

నన్ను కుట్టిన సంపుటము ఎవరి చేతులు మారినదో చెప్పుట విసుగు. ఒకనాడొక వర్తకుడు, పుస్తకమును పుస్తకముగా అమ్ముటకంటె పటములు విడివిడిగా అమ్ముట లాభకరమని గ్రహించి, వెన్ను కోసి మమ్ము వేఱుచేసెను. తోబుట్టువులందఱును వేర్వేఱు గోడల కెక్కిరి. నేను హైదరాబాదునకు వచ్చితిని. ఇచ్చట ఒక చట్రములవాడు నన్ను చెక్కగుజ్జుతో చేసిన చౌక అట్టకు అంటించి, అద్దమును నా ముఖమున కానించి బిగించెను. గుడ్డపేలికల గుజ్జుతో చేసిన నా కాగితము ఇంకను శతాబ్దములు బ్రతుకగలది. కాని ఆ అట్టలోని ఆమ్లము మెల్లమెల్లగా నాలోనికి పాకి, చుట్టును గోధుమవన్నె పట్టీ వేసినది. ఎండ తగిలిన వైపు పూలు వెలవెలబోయినవి. ఒక వానకాలమున తేమ యూరి మూలను అలవంటి మరక తెచ్చినది. తుదకు ఆ యింటి పాతసామానుతోపాటు జుమ్మేరాత్ బజారునకు వచ్చి, ఇత్తడి చెంబులకును విరిగిన గడియారములకును నడుమ ఎండలో నిలిచితిని. అచ్చట నన్ను ఈ విశ్రాంత డ్రాయింగు మాస్టరు కొనెను.

ఆయన పరీక్ష యొక క్రమమున సాగును. మొదట భూతద్దము: గీత యెడతెగక నల్లగా సాగినచో రాగిరేకు ముద్రణ, చుక్కలు చుక్కలుగా విడిపోయినచో ఇటీవలి యంత్రపు నకలు. తరువాత నా పల్లపుగీత నలువైపుల నున్నదో లేక మరకను దాచుటకై ఎవడైన అంచులు కత్తిరించెనో యని చూచును. ఎడమ అంచున కుట్టు రంధ్రములు కనబడగా ఆయన తృప్తిగా తలయూచెను. అవి నేను పుస్తకమునుండి వచ్చితినను సాక్ష్యము. పిమ్మట వెనుకనుండి దీపము పెట్టి పలుచబడిన చోట్లను, పాత అతుకులను గుర్తించెను. చిరుగు అంచులోనికి రంగు దిగియున్నచో ఆ రంగు తరువాత పూసినదని అనుమానింపవలెను. నా చిరుగు శుభ్రముగా నున్నది. తేమవలన, బూజువలన పుట్టిన తుప్పురంగు చుక్కలను ఒక్కొక్కటిగా లెక్కించి చెప్పుచుండగా మనుమరాలు నోటుబుక్కులో వ్రాసికొనుచుండెను.

"తాతా, మందు పెట్టి ఈ మరకలన్ని తీసేస్తే కొత్తదానిలెక్క అయితది గద?" అని యామె యడిగెను.

"అయితది బిడ్డా. కాయితం తెల్లగయితది, పోగులు సచ్చుబడతయి, పూలు కారిపోతయి. గప్పుడు అది ఎవరి పటమైతది?"

తెల్లబఱచు రసాయనమునకు మరకయు నారయు నొకటియే. నీటిరంగునకు ముంపుకంటె శత్రువు లేదు. అందుచేత ఆయన మరకల జోలికి పోలేదు. నన్ను దహించుచున్న అట్టను మాత్రము పొరలు పొరలుగా ఒలిచి, చిరిగినచోట జపాను కాగితపు పలుచని పట్టీని గోధుమ గంజితో అతికి, ఆమ్లము లేని అట్టల నడుమ నన్ను నిలిపి, అద్దము నన్ను తాకకుండ ఎడముంచెను. లోపమును మాన్పుట వేఱు, మఱుగుపఱచుట వేఱు. మాన్పినచోటు వెనుకనుండి చూచిన తెలియవలెనని ఆయన నియమము.

చివర మనుమరాలు పట్టికను చదివి వినిపించెను: "పల్లపుగీత పూర్తిగ ఉన్నది. అంచుల గోధుమ పట్టీ. కింద కుడి మూలకు నీళ్ల మరక. చుక్కలు పదకొండు. చిరుగు ఒకటి, అతికినం. ఐరోపా ముద్రణ. చెక్కిందెవరో, తాతా? గీసిందెవరు?"

"చెక్కినోళ్లల్ల మెకంజీ పేరున్నది. గీసినోని పేరు ఏడ లేదు."

ఆమె ఆ గడిలో ఒక అడ్డుగీత పెట్టబోయెను. వృద్ధుడు చేయి పట్టి ఆపి, "ఆడ కాదు బిడ్డా, లోపాల గడిల రాయి" అనెను.

కలము గరగరలాడినది. తలమీదుగా విమానమొకటి పోవుచుండగా అద్దము వణకెను, నన్ను తాకలేదు. ఐదవ లోపముగా, చుక్కలకును చిరుగునకును క్రింద, ఆమె వ్రాసినది: 'సర్కారు దేశపు చిత్రకారుని పేరు లేదు. బాగుచేయుటకు వీలుపడదు.'