నీళ్ళు నములుతున్నాను

దాహం వేస్తే నీళ్ళు తాగడానికి నాకేమీ అభ్యంతరం లేదు. దాహం లేకుండా, లెక్క ప్రకారం తాగమంటేనే ఒళ్ళు మండుతుంది. మా అమ్మాయి హైదరాబాదు నుంచి ఒక సీసా పంపింది. దాని మీద నిలువునా గీతలు, గీతల పక్కన టైములు. తొమ్మిదింటికి ఇంత, పదకొండింటికి ఇంత. సర్వీసంతా పై అధికార్లకి సంజాయిషీలు రాసుకుని రిటైరైనవాణ్ణి, ఇప్పుడొక ప్లాస్టిక్ సీసాకి కూడా జవాబు చెప్పుకోవాలా?

"రోజుకి ఎనిమిది గ్లాసులు నాన్నా. అది రూలు" అంది అమ్మాయి ఫోనులో.

రూలన్నాక దాని పుట్టుపూర్వోత్తరాలు తీయకపోతే నాకు నిద్రపట్టదు. తీశాను. 1945లో అమెరికాలో జాతీయ పరిశోధన మండలి వారి ఆహార, పోషణ బోర్డు పెద్దవాళ్ళకి రోజుకి సుమారు రెండున్నర లీటర్ల నీరు కావాలని రాసింది. ఎనిమిది గ్లాసుల మాట ఇక్కడే పుట్టిందని చాలామంది అంటారు. అయితే బోర్డువారు అక్కడే ఇంకో ముక్క కూడా రాశారు: ఆ నీటిలో చాలా భాగం వండుకు తినే తిండిలోనే ఉంటుందని. లోకం మొదటి ముక్క చదివి సీసా కొనుక్కుంది. జీవోలో చివరి పేరా చదివేవాడు ఏ దేశంలోనూ లేడన్నమాట.

నేను చదివాను కాబట్టి ఇంట్లో ప్రకటించాను: "ఈ వేసవికి నేను నీళ్ళు తాగను. తింటాను."

ఆధారం లేకుండా అనలేదు. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థవారు 2017లో మన తిండి పదార్థాలకి పట్టికలు వేశారు. వాటిల్లో ముందు కనిపించేది తేమ లెక్కే. స్థూలంగా చెప్పాలంటే కీరా, సొర, బీర, పొట్ల, బూడిద గుమ్మడి, ఇవన్నీ నూటికి తొంభై అయిదు పాళ్ళ దాకా నీళ్ళే. టమాటా తొంభై నాలుగు. పుచ్చకాయ, కర్బూజా తొంభై పైమాటే. బత్తాయి, కమలా తొంభైకి కాస్త అటూ ఇటూ. ఆవుపాలు సుమారు ఎనభై ఏడు. అంటే ఏ పాలవాడి చెయ్యీ పడకుండానే సొరకాయలో పాలకంటే ఎక్కువ నీళ్ళు కలిశాయి. ఇన్నాళ్ళూ మనం తిట్టింది పాలవాణ్ణొక్కణ్ణే.

కీరాతో మొదలుపెట్టాను. రెండు లీటర్ల నీళ్ళు కీరాలోంచే రాబట్టాలంటే రెండు కిలోల పైచిలుకు నమలాలి. అరకిలో అయ్యేసరికి దవడలు రాజీనామా ఇచ్చాయి. "పొద్దుట్నించీ ఆ కరకరలేమిటండీ, మేకని గానీ తెచ్చారా అని పక్కింటావిడ అడుగుతోంది" అంది మా ఆవిడ. నిజానికి ఈ విషయంలో పండితులు రైళ్ళలో కీరా అమ్మేవాళ్ళు. నిలువుగా చీల్చి, ఉప్పూ కారం అద్ది చేతికిస్తారు. చెమటతో పోయేది నీళ్ళొక్కటే కాదు, ఉప్పు కూడా. ఆ రెంటినీ ఒక్క ముక్కతో తిరిగిచ్చే వైద్యం, పైగా కిటికీ దగ్గరికొచ్చి.

తరవాత పుచ్చకాయ. కాయని తట్టి చెవి దగ్గర పెట్టుకోవడం నాకూ వచ్చు. ఏం వినాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆరు కిలోల కాయ మోసుకొస్తే మా ఆవిడ పట్టిక చూసి లెక్క కట్టింది. "తొక్క తీసేస్తే మిగిలేది ఎర్రనీళ్ళు. కుళాయిలో వచ్చేదాన్ని కిలోల లెక్కన కొనుక్కొచ్చారు." దాన్ని ఫ్రిజ్‌లోకి ఎక్కించడానికి పెరుగు గిన్నె, ఇడ్లీ పిండి, కూరలు అన్నీ ఇల్లు ఖాళీ చేయాల్సొచ్చింది. తాటిముంజలు తెస్తే ఆ గొడవ లేదు. బొటనవేలు పెట్టి పొడిస్తే సగం నీళ్ళు నోట్లోకి, సగం చొక్కా మీదికి. చొక్కాకీ వడదెబ్బ తగలదు.

ఇక్కడిదాకా బాగానే నడిచింది. చిక్కంతా వంటింట్లో వచ్చింది. అసలు తెలుగువాడి వంటిల్లు నీటి మీద యుద్ధం ప్రకటించిన చోటు. రెంటచింతలలో ఇవాళ ఇంత ఎండ అని రేడియోలో వింటూ పెరిగినవాళ్ళం కదా, ఎండలు ముదిరితే నీళ్ళు దాచుకోవాలని తెలియదా? తెలుసు. కానీ సరిగ్గా అప్పుడే మేడ మీదికెక్కి, దొరికినదాంట్లో నీళ్ళన్నీ తీసి ఎండబెడతాం. బీరకాయ వేపుడు చూడండి. కిలో కాయలు మూకుట్లో వేస్తే, నీరంతా ఇగిరాక గుప్పెడు మిగులుతుంది. తొంభై అయిదు పాళ్ళూ ఆవిరై వంటింటి కిటికీలోంచి వెళ్ళిపోయాయి. అది తిని, కారం నషాళానికంటి, చెంబెత్తుకుంటాం. ఆవకాయైతే ముక్క ముక్కా గుడ్డతో తుడిచి కలుపుతారు. తడి చెయ్యి జాడీలో పెట్టినవాడికి ఆ ఇంట్లో పిల్లనివ్వరు. మాగాయ ముక్కల్ని ఉప్పులో ఊరబెట్టి, ఊట పిండి, ముక్కలు వేరే ఊట వేరే ఎండకి పెడతారు.

అన్నిటికీ పరాకాష్ఠ బూడిద గుమ్మడి. ఏప్రిల్లో మా అత్తగారు తెనాలి నుంచి దిగగానే ఓ పెద్దకాయ కోసి, ముక్కలకి ఉప్పూ పసుపూ పట్టించి, మూటకట్టి, పైన రుబ్బురోలు పొత్రం పెట్టారు. తెల్లవారేసరికి గిన్నెడు నీళ్ళు దిగాయి. పిప్పిని మినప్పిండిలో కలిపి మేడ మీద వడియాలు పెట్టారు. నేను పట్టిక చేత్తో పట్టుకుని వెళ్ళాను.

"అత్తయ్యగారూ, నూటికి తొంభై అయిదు పాళ్ళు నీళ్ళున్న కాయండీ. ఎండాకాలం దేవుడిచ్చిన కుండ. మీరు నీళ్ళు పారబోసి కుండ వేయించుకుంటున్నారు."

"అలాగా బాబూ" అన్నారావిడ, కాకిని తోలుతూ.

ఆ మధ్యాహ్నం నా ప్రచారం ఫలించి సొరకాయ మజ్జిగపులుసు పెట్టారు. ముక్కలో నీళ్ళు, మజ్జిగలో నీళ్ళు. ఇంతకంటే శాస్త్రీయమైన వంట లేదు. పప్పు దోసకాయా, పెరుగు పచ్చళ్ళూ, దప్పళమూ అన్నీ ఈ జాతివే. కాయలోని నీరు పొయ్యి మీద పోదు, గిన్నెలోనే ఉంటుంది. నేను రెండు ముద్దలు తిని మూడో ముద్దకి నీరసించాను. పథ్యం వంట మరి. కొత్త అల్లుడికి సొరకాయ వండిపెట్టినవాళ్ళని ఎక్కడైనా చూశారా? ఈ నీళ్ళకాయలన్నిటికీ జ్వరం తగ్గినవాడి విస్తరిలోనే మర్యాద.

అత్తగారు మాట్లాడకుండా నాలుగు వడియాలు వేయించి నా కంచంలో వేశారు. రెండు కరకరలాడాయి, రెండు పులుసులో నానాయి. పిండేసిన నీళ్ళన్నీ మళ్ళీ తాగేసి అవి మెత్తగా ఉబ్బాయి. పులుసు గిన్నె ఖాళీ అయింది. తరవాత పెరుగన్నంలోకి ఆవకాయ ముక్క. పెరుగన్నం రెండోసారి, దాని మీద మజ్జిగ రెండు గ్లాసులు.

"చూశారా బాబూ" అన్నారావిడ నెమ్మదిగా. "వడియం లేకపోతే ఆ పులుసు మీ చేత ఎవరు తినిపిస్తారు? ఆవకాయ లేకపోతే ఆ మజ్జిగ ఎవరు తాగిస్తారు? ఎండబెట్టేది ఎందుకనుకున్నారు?"

దీనికి తార్నాకవారి పట్టికలో జవాబు లేదు. పక్కవీధి డాక్టరుగారు మాత్రం అటూ ఇటూ కాకుండా తీర్పిచ్చారు: షుగరున్నవాళ్ళు పుచ్చకాయ ముక్కలు లెక్కపెట్టుకోవాలి, కిడ్నీ జబ్బున్నవాళ్ళు పొటాషియం సంగతి అడిగి తినాలి, వడదెబ్బ తగిలితే కీరా నములుతూ కూర్చోకుండా ఆసుపత్రికి పరిగెత్తాలి, మిగతావాళ్ళు తినేది తింటూ దాహమైతే నీళ్ళు తాగాలి. ఫీజు తీసుకోలేదు కాబట్టి నమ్మాలో లేదో తెలియడం లేదు. అమ్మాయి పంపిన సీసా మాత్రం అత్తగారికి నచ్చింది. టైములు రాసి ఉన్నాయి కదా, పదకొండు గీత దాకా మాగాయ ఊట పోసి ఎండలో పెట్టారు.