అప్పు పుట్టని రోజులవాణ్ణి

మా రోజుల్లో జీతగాడికి ఇంటి కోసం అప్పు పుట్టేది కాదు. బ్యాంకులు వ్యాపారికిచ్చేవి, రైతుకిచ్చేవి. బడిపంతులు ఇల్లు కట్టుకుంటానంటే మేనేజరు వింతగా చూసేవాడు. 1977లో హెచ్.టి. పరేఖ్ బొంబాయిలో హెచ్‌డీఎఫ్‌సీ పెట్టేనాటికి ఇళ్లకే అప్పులిచ్చే కంపెనీ అన్న ఆలోచనే దేశానికి కొత్త. నేషనల్ హౌసింగ్ బ్యాంక్ 1988లో వచ్చింది, ఎల్ఐసీ హౌసింగ్ ఫైనాన్స్ 1989లో. అప్పటిదాకా మాకున్న దారులు పీఎఫ్ అడ్వాన్సు, సర్కారు ఉద్యోగికి హౌస్ బిల్డింగ్ అడ్వాన్సు, హౌసింగ్ సొసైటీ, చిట్టీ పాట, ప్రామిసరీ నోటు, చివరికి ఆడవాళ్ల ఒంటిమీది బంగారం.

ఎవరి దగ్గర తీసుకోవాలో ఎంచుకునే అవకాశమే మాకు లేదు. అందుకే ఇచ్చినవాడు పెట్టిన ప్రతి షరతూ చదివేవాళ్లం. పునాది లేచాక ఇంజినీరు వచ్చి చూస్తేగానీ తర్వాతి విడత వచ్చేది కాదు, శ్లాబు పడితేగానీ ఆపై విడత వచ్చేది కాదు. విసుగు పుట్టేది, నిజమే. కానీ మేం కట్టే వడ్డీ ఎంతో, అది ఎన్నాళ్లు కట్టాలో ఇంట్లో అందరికీ నోటికొచ్చేది.

ఇప్పుడు ఎంచుకోవడానికి పదిమంది ఉన్నారు, ఎంచుకునేవాళ్లే లేరు. హైదరాబాద్ శివార్లలో తెల్లాపూర్‌లోనో కొల్లూరులోనో ఫ్లాట్ చూడ్డానికి వెళ్తారు. బిల్డర్ సేల్స్ ఆఫీసులోనే లోను కుర్రాడు కూర్చుని ఉంటాడు. సిబిల్ స్కోరు చూస్తాడు, పే స్లిప్పులు అడుగుతాడు, కాఫీ చల్లారేలోపు సంతకాలయిపోతాయి. చీర కొనడానికి నాలుగు కొట్లు తిరిగే ఇల్లాలు, ఇరవై ఏళ్ల అప్పుకి రెండో గడప తొక్కదు. అదేమంటే, ‘ఈ ప్రాజెక్టుకి బ్యాంకు అప్రూవల్ ఉంది బాబాయ్, టైటిల్ వాళ్లే చూసుకుంటారు’ అంటారు. బ్యాంకు వకీలు బ్యాంకు డబ్బు కోసం చూస్తాడమ్మా! మన కోసం చూసే వకీలుకి మనమే ఫీజివ్వాలి. ముప్పై ఏళ్ల ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ), లింకు డాక్యుమెంట్లు ఆయన చేతిలో పెట్టాలి.

రేటు దగ్గరైతే నాకు మరీ బాధగా ఉంటుంది. అందరూ ఒకటే అడుగుతారు, ‘ఎంత శాతం?’ అని. ఆ శాతం దేన్నిబట్టి మారుతుందో అడగరు. 2019 అక్టోబర్ 1 నుంచి బ్యాంకులు ఇచ్చే కొత్త ఫ్లోటింగ్ ఇంటి లోన్లన్నీ బయటి రేటుకి ముడిపడి ఉండాలి. చాలా బ్యాంకులకు అది ఆర్‌బీఐ రెపో రేటే. రెపో కదిలితే మూడు నెలల్లోపు మన రేటూ కదలాలి. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు ఆ నిబంధన లేదు. వాటి సొంత రిఫరెన్స్ రేటు వాటికుంది, దాన్ని ఎప్పుడు ఎంత తగ్గించాలో వాటి ఇష్టం. కాగితాలు పక్కాగా లేని చిన్న వ్యాపారికి బ్యాంకు తలుపు తీయనప్పుడు అలాంటి కంపెనీయే దిక్కు, కాదనను. నెల తిరిగేసరికి జీతం పడే పిల్లలు కూడా ఈ తేడా అడగకుండా సంతకం పెడితే ఏమనాలి?

2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో 4 నుంచి 6.5 శాతానికి చేరింది. అంతకుముందే 7 శాతం మీద 50 లక్షలు, 20 ఏళ్లకు తీసుకున్నవాడి నెల వాయిదా సుమారు 38,765 రూపాయలు. రేటు 9.5కి చేరితే అతని బాకీ మీద నెల వడ్డీయే దాదాపు అంతవుతుంది. అసలు కదలదు. చాలామందికి వాయిదా పెంచకుండా గడువు పొడిగించారు. నెలనెలా అదే మొత్తం పోతోంది కదా అని వాళ్లు నిశ్చింతగా ఉన్నారు. రిటైరయ్యే వయసు దాటాక కూడా వాయిదాలున్నాయని కొందరికి చాలా ఆలస్యంగా తెలిసింది.

2023 ఆగస్టులో ఆర్‌బీఐ ఆదేశం ఇచ్చింది. రేటు మారినప్పుడు వాయిదా పెంచాలా, గడువు పెంచాలా అన్నది అప్పు తీసుకున్నవాణ్ణి అడగాలి. 2024 అక్టోబర్ నుంచి ప్రతి కొత్త ఇంటి లోనుకీ ఒక వివరాల పత్రం ఇవ్వాలి. ప్రాసెసింగ్ ఫీజు, ఇన్సూరెన్సు అన్నీ కలిపి ఏడాదికి నిజంగా ఎంత శాతం పడుతుందో అందులో ఉంటుంది. ఇద్దరు ముగ్గురి దగ్గర ఆ పత్రం తీసుకుని పక్కపక్కన పెట్టుకుంటే ఎవరు చవకో అక్కడే తేలిపోతుంది. మాకు ఇలాంటి కాగితం ఒక్కటి దొరికితే కళ్లకద్దుకునేవాళ్లం. వీళ్లు ఫోన్‌లో వచ్చిన పీడీఎఫ్‌ని తెరిచైనా చూడరు!

గడువు సంగతీ అంతే. 8.5 శాతం మీద 50 లక్షలకు 20 ఏళ్లయితే నెలకు 43,391 రూపాయలు, 30 ఏళ్లయితే 38,446. నెలకు అయిదు వేలు తగ్గిందని సంతోషిస్తారు. మొత్తం మీద వడ్డీ 54 లక్షల నుంచి 88 లక్షలకు పెరుగుతుంది. జీతం నిజంగా చాలనివాళ్లకు తప్పదు. చాలేవాళ్లు కూడా కారు వాయిదా కోసం ఇంటి గడువు పొడిగించుకోవడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఒకప్పుడు ముందే కట్టేస్తామన్నా జరిమానా వేసేవాళ్లు. 2012 నుంచి బ్యాంకులు ఫ్లోటింగ్ ఇంటి లోను మీద అది వసూలు చేయకూడదు. బోనసు వచ్చిన ఏడాది ఒక లక్ష అసలు మీద వేస్తే ఎవరూ ఆపరు. ఇంకో బ్యాంకు తక్కువకిస్తే అక్కడికి మారినా ఎవరూ ఆపరు.

ఇక దస్తావేజులు. మా కాలంలో అప్పు తీరాక ఒరిజినల్స్ కోసం తిరిగి తిరిగి చెప్పులరిగినవాళ్లున్నారు. 2023 డిసెంబర్ 1 నుంచి అప్పు తీరిన 30 రోజుల్లో తిరిగివ్వాలి. తప్పు వాళ్లదై ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయలు మనకు కట్టాలి. కాగితాలు ఎక్కడ, ఎప్పటిలోగా ఇస్తారో శాంక్షన్ లెటర్లోనే రాసి ఉండాలని కూడా ఆ నిబంధనలో ఉంది. గృహప్రవేశానికి పిలవడానికి వచ్చే పిల్లల్ని ఆ లెటరు తెమ్మంటాను, ఆ వాక్యం ఎక్కడుందో చూపించమంటాను. చూపించినవాళ్లు ఇంకా నాకు తగల్లేదు.