పాలమూరు మేస్త్రీ, బెల్జియం పాస్‌పోర్టు

ఫుట్‌బాల్ మేనేజర్ అనే కంప్యూటర్ ఆటలో బంతిని తన్నే పని మనకుండదు. ఆటగాళ్లను కొనడం, అమ్మడం, జీతాల దగ్గర గీచి గీచి బేరమాడటం, ఓడిపోయాక విలేకరులకు నంగనాచి జవాబులివ్వడం, ఇంతే. మహబూబ్‌నగర్‌లో మంచం మీద బోర్లా పడుకుని ఇంగ్లండ్‌లో క్లబ్ నడపొచ్చు. నేను నడుపుతున్నాను. నాది 2014 వెర్షన్. అంతకన్నా కొత్తదాన్ని మోసే ఓపిక మా లాప్‌టాప్‌కు లేదు.

ఈ ఆటలో అసలు యుద్ధం మైదానంలో జరగదు, ఇమ్మిగ్రేషన్ వాళ్ల దగ్గర జరుగుతుంది. ఐవరీ కోస్ట్‌లో పద్దెనిమిదేళ్ల కుర్రాడు దొరుకుతాడు. ధర చవక, కాళ్లు బంగారం. సంతకం పెట్టించి ఊపిరి పీల్చుకునేలోపే కబురొస్తుంది: వర్క్ పర్మిట్ ఇవ్వం. అప్పటి ఇంగ్లండ్ లెక్క అలాంటిది. యూరప్ బయటి ఆటగాడైతే అతని దేశం ఫిఫా ర్యాంకుల్లో మొదటి 70లో ఉండాలి, గత రెండేళ్లలో ఆ దేశం ఆడిన పోటీ మ్యాచుల్లో 75 శాతం అతను ఆడి ఉండాలి. అన్ని ఆడినవాడు నా క్లబ్‌కు ఎందుకొస్తాడు?

దీనికి మందు అఫిలియేట్ క్లబ్, అంటే ఫీడర్ క్లబ్. బోర్డువాళ్లను బతిమాలితే బెల్జియంలో ఒక చిన్న క్లబ్‌తో పొత్తు కుదురుస్తారు. కుర్రాణ్ని కొని అక్కడికి అప్పుగా పంపాలి. అక్కడ పర్మిట్ గొడవ తక్కువ. కొన్నేళ్లుంటే ఆ దేశపు పౌరసత్వం వస్తుంది. యూరప్ పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని దర్జాగా ఇంగ్లండ్‌లో దిగుతాడు.

నేనేదో కౌటిల్యుడి ఎత్తు వేశాననుకుని మా మామకు చెప్పాను. ఆయన ఒకప్పుడు ముంబై, పుణె పనులకు మనుషుల్ని తీసుకుపోయిన గుంపు మేస్త్రీ. ఫుట్‌బాల్ ఒక్కనాడు చూసినవాడు కాదు.

"అడ్వాన్స్ ఎంతిచ్చినవ్?" అన్నాడు.

చెప్పాను.

"తిండి, బస ఎవరిది?"

"జీతం సగం మేమిస్తం, సగం ఆళ్లిస్తరు మామా."

"కాలిరిగితే?"

"మాకే వాపస్ పంపుతరు."

"మరి ఆ బెల్జియపోళ్లకు ఏం మిగులుతది?"

"సగం పైసలకే ఆడేటోడు దొరుకుతడు గద."

"అయితే ఆళ్లే తెలివిగల్లోళ్లు," అని బీడీ ముట్టించాడు. నాకు వారం పట్టిన విద్య ఆయనకు బీడీ ముట్టించేలోపు వచ్చేసింది. వలసకు పుట్టిల్లయిన జిల్లా మాది. ఇక్కడి మేస్త్రీకి ఫీడర్ క్లబ్ గురించి చెప్పబోవడమేమిటి!

"ఇది కంపూటర్ల ఆటేనా, నిజంగ గూడ చేస్తరా?" అనడిగాడు. చేస్తారు. చేశారు. మాంచెస్టర్ యునైటెడ్‌కు బెల్జియంలోని ఆంట్వెర్ప్‌తో పొత్తుండేది. 2004లో డాంగ్ ఫాంగ్‌జువో అనే చైనా కుర్రాణ్ని కొన్నారు. పర్మిట్ రాలేదు. ఆంట్వెర్ప్‌కు పంపారు. అక్కడ పాపం గోల్స్ బాగానే కొట్టాడు. 2006 ఆఖరుకు పర్మిట్ వచ్చింది. 2007 మేలో చెల్సీ మీద ప్రీమియర్ లీగ్ మ్యాచ్ ఆడాడు. అది సున్నా సున్నా డ్రా. ఆ లీగ్‌లో అతనికి మొదటిదీ అదే, చివరిదీ అదే.

మామ చాలాసేపు మాట్లాడలేదు. "మూడేండ్లు ఆడుంచి ఒక్కపూట పని జేయించుకున్నరా? ముందుగాల ఆ మేస్త్రీని మార్చాలె," అన్నాడు. ఆ మేస్త్రీకి సర్ బిరుదుందని, పేరు అలెక్స్ ఫెర్గూసన్ అని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

బెవెరెన్ కథ మాత్రం ఆయనకు నచ్చింది. అదీ బెల్జియం ఊరే. జాన్ మార్క్ గియు అనే ఫ్రాన్స్ పెద్దమనిషి ఐవరీ కోస్ట్‌లో పిల్లలకు ఆట నేర్పి, 2001 నుంచి వాళ్లను గుంపులుగా బెవెరెన్‌కు దింపాడు. ఒక దశలో జట్టులో దాదాపు అందరూ ఐవరీ కోస్ట్ వాళ్లే. యాయా టూరే అక్కడ ఆడినవాడే. ఎబూయే అక్కణ్నుంచే 2005లో ఆర్సెనల్‌కు చేరాడు. అప్పట్లో మూడేళ్లుంటే బెల్జియం పౌరసత్వం అడగొచ్చు. 2013 నుంచి దాన్ని అయిదేళ్లు చేశారు. "గియు అనేటోడు అసలైన గుంపు మేస్త్రీ," అని మామ తీర్పిచ్చాడు.

మనవాళ్లకూ ఆ బెల్జియం దారి ఉంటే బాగుండేది. సునీల్ ఛెత్రి పుట్టింది మన సికింద్రాబాద్‌లోనే. 2009లో లండన్ క్లబ్ క్వీన్స్ పార్క్ రేంజర్స్ అతన్ని తీసుకోబోయింది. ర్యాంకుల్లో ఇండియా 70కి ఎంత దూరంలో ఉందో తెలిసిందే. పర్మిట్ రాలేదు.

ఈ పర్మిట్ల గోలంతా వంటింట్లోంచి మా అమ్మ వింటోంది. "వర్క్ పర్మిట్ మళ్లీ రిజెక్ట్ అయింది" అని నేను ఫోన్‌లో దోస్తుతో మొత్తుకోవడం విని, కొడుకు దేశం దాటబోతున్నాడని నిర్ధారించుకుంది. సాయంత్రానికి మిర్యాలగూడలో ఉన్న చిన్నమ్మకూ తెలిసింది. చిన్నమ్మ కొడుకు డల్లాస్‌లో ఉంటాడు కాబట్టి ఆమె మాటకు బరువెక్కువ. వీసా బాలాజీ అని పేరున్న చిలుకూరు బాలాజీకి మొక్కమంది. నాకు కాదు, ఐవరీ కోస్ట్ పిల్లగాడికి అని చెప్పినా అమ్మ వెనక్కి తగ్గలేదు. "పదకొండు సుట్లు నేను తిరుగుత. వీసా వస్తె నూటెనిమిది ఆ పిల్లగాడే వచ్చి తిరగాలె. మొక్కు మొక్కే," అంది.

అదంత అసాధ్యమేం కాదు. చిలుకూరున్న మొయినాబాద్ మండలంలోనే అజీజ్‌నగర్ ఉంది. శ్రీనిధి డెక్కన్ క్లబ్ మైదానం అక్కడే. విదేశాల నుంచి వీసా మీద వచ్చిన ఆటగాళ్లు వీసా బాలాజీకి ఇంత దగ్గర్లో బంతి తన్నడం ప్రపంచంలో ఇంకెక్కడా జరిగి ఉండదు.

హైదరాబాద్‌లో ఇంకో క్లబ్ కూడా ఉండేది. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ, 2020లో ఏకంగా జర్మనీ డార్ట్‌మండ్‌తో పొత్తు పెట్టుకుంది. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. ఆ సీజన్‌లో నైజీరియా ఒగ్బెచె ఒక్కడే 18 గోల్స్ కొట్టాడు. అదే క్లబ్ 2025లో మూటాముల్లె సర్దుకుని ఢిల్లీ పోయింది. ఇప్పుడు దాని పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. మామకు ఈ ముక్క చెబితే, "మనుషులు పోతరని తెలుసు గని, కంపెనీ గూడ వలస పోతదా?" అని ఆశ్చర్యపోయాడు.

కాబట్టి డబ్బున్న క్లబ్ యజమానులకు నా మనవి. బెల్జియంలో ఇప్పుడు పెద్దగా లాభం లేదు. 2021 నుంచి యూరప్ పాస్‌పోర్టున్నా ఇంగ్లండ్‌లో పాయింట్ల లెక్క తప్పదు. ఫీడర్ క్లబ్ పెట్టే ఆలోచనుంటే జడ్చర్ల చూడండి. హైవే ఉంది, రైలుంది, ఎయిర్‌పోర్టు దగ్గర. మా మామ ఖాళీగానే ఉన్నాడు. అడ్వాన్స్ మాత్రం ముందే ఇవ్వాలి.