ఊపిరి పీల్చండి, హాజరు వేయించుకోండి!

అక్టోబరు 10, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం. ఆ పుణ్యమా అని హైటెక్ సిటీలో ఓ కంపెనీ ఒత్తిడి తగ్గించుకోవడంపై ఆన్‌లైన్ క్లాసు పెట్టింది.

టైము రాత్రి ఎనిమిదిన్నర. పగలు పెడితే పని పాడవదూ!

రావడం మీ ఇష్టం. రానివాళ్ల పేర్లు మాత్రం మేనేజర్‌కు వెళ్తాయి.

‘కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చండి’ అన్నారు క్లాసు చెప్పే మేడమ్. అందరూ మూశారు. కొందరు మళ్లీ తెరవలేదు. మ్యూట్ నొక్కడం మరిచిన ఒకాయన గురక అందరికీ వినపడింది. క్లాసు మొత్తంలో ఒత్తిడి తగ్గింది ఆయనొక్కడికే!

అంత అలసట ఊరికే వచ్చిందా? వారానికి 70 గంటల పని అని 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు వేలం పాట మొదలెట్టారు. 2025లో ఎల్ అండ్ టీ ఛైర్మన్ 90కి పెంచారు. మూడో పాటగాడు రావాల్సి ఉంది. ఆదివారం ఇంట్లో ఎంతసేపని భార్య మొహం చూస్తారనీ అడిగారు ఛైర్మన్ గారు. చూద్దామంటే ఆవిడ మాత్రం ఇంట్లో ఉందా? ఆవిడకూ ఆఫీసే!

ఇలాంటి ఒంటరితనం పోగొట్టడానికే బ్రిటన్ 2018లో, జపాన్ 2021లో ఏకంగా మంత్రుల్ని పెట్టుకున్నాయి. మనకా ఖర్చెందుకు? సాయంత్రం రాయదుర్గంలో మెట్రో ఎక్కితే సరి. ఊపిరాడనంత తోడు!