నీళ్లు లేవు కాబట్టి జబ్బూ లేదు

మన దేశంలో ఒక నది కాలుష్యం జాబితాకెక్కాలంటే దానికి ముందు ఒక కనీస అర్హత ఉండాలి: సీసాలో పట్టేందుకు నీళ్లు. ఆ నీళ్లను ల్యాబుకు తీసుకెళ్లి, 27 డిగ్రీల దగ్గర 3 రోజులు ఉంచి, అందులోని సూక్ష్మజీవులు ఎంత ఆక్సిజన్ తాగేశాయో చూస్తారు. లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటితే ఆ నదీభాగం కలుషితం. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఈ లెక్కన 2018లో దేశం మొత్తం మీద 351 నదీభాగాలను తేల్చింది. ఆంధ్రప్రదేశ్ వాటా 5: గోదావరి, కృష్ణా, తుంగభద్ర, నాగావళి, కుందూ. పెన్నా ఉపనదులన్నిటిలో ఆ యోగం కుందూ ఒక్కదానికే పట్టింది. ఎక్కడెక్కడి కాలువల నీళ్లో వచ్చి కలుస్తాయి గనక దాని దగ్గర సీసా నిండింది. చిత్రావతి, పాపాఘ్ని, చెయ్యేరు, సగిలేరు మాత్రం ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండి ఉండడమనే ఒకే ఒక్క సుగుణంతో పరువు నిలబెట్టుకున్నాయి.

నమూనా కోసం వెళ్లిన ఉద్యోగిని తప్పు పట్టలేం. ఆయన చేతిలో సీసాలున్నాయి, ఐసు పెట్టె ఉంది, నీటి రంగేమిటి, వాసనేమిటి అని అడిగే ఫారం ఉంది. మే నెలలో చిత్రావతి ఒడ్డున దిగితే కనిపించేది ఇసుక. ఇసుక రంగు రాయమని ఎవరూ చెప్పలేదు. ‘ఎండిపోయింది’ అని గడిలో ఒక ముక్క రాసి, ఎండ ముదరకముందే జీపెక్కుతాడు.

అసలు వినోదం ఆ ముక్కను ఎవరెలా చదువుకుంటారన్న దగ్గర మొదలవుతుంది. కాలుష్యం చూసేవాళ్లకు అది ‘ఫిర్యాదు లేదు’. గనుల వాళ్లకు ‘ఇసుక రీచ్ సిద్ధం’. ప్లాట్లు వేసేవాళ్లకు ‘గోడ కట్టుకోవచ్చు’. సభల్లో మాట్లాడేవాళ్లకు ‘చచ్చిపోయిన నది’, అంటే తాము బతికించడానికి వీలైన నది. ఎండిన ఏటిని ఏరేనని ఇప్పటికీ నమ్ముతున్నది ఒక్క రెవెన్యూ రికార్డే. అందులో వంక పోరంబోకు, పాత కొలతల వెడల్పుతో సహా, చెక్కు చెదరకుండా ఉంటుంది. ఆ కాగితం ఎవరూ తెరవరు. 2024 అక్టోబరులో పండమేరు వంక పొంగి అనంతపురం శివారు కాలనీలు మునిగాక, ఆ వెడల్పు ఎంతో జనానికి కొలత పెట్టకుండానే తెలిసింది.

ఇదేదో కరువు సీమ గోల అనుకునేవాళ్లకు ఒక లెక్క. 2021లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, ప్రపంచంలోని నదుల పొడవులో 51 నుంచి 60 శాతం ఏడాదికి ఒక్కరోజైనా పారడం ఆగిపోతుంది. అంటే లోకంలో మామూలు నది మన చిత్రావతే. పన్నెండు నెలలూ పారేవి మైనారిటీ. అయినా కొలబద్దలన్నీ ఆ మైనారిటీ కొలతలకే కుట్టించారు. ఈ తెలివి మన ఒక్కరి సొత్తూ కాదు. అమెరికా సుప్రీంకోర్టు 2023లో సాకెట్ కేసులో, దాదాపు శాశ్వతంగా నిలిచో, పారుతూనో ఉండే నీళ్లకే స్వచ్ఛజల చట్టం కాపలా అని తేల్చేసింది. అరిజోనా ఎడారి వాగులు వానొచ్చినప్పుడే పారతాయి కదా, ఇక వాటి కర్మ వాటిది. స్పెయిన్‌లో మాత్రం కొందరు పరిశోధకులు కాస్త ఓపిక పట్టారు. వరద నుంచి, మడుగులుగా విడిపోయిన దశ మీదుగా, పూర్తిగా ఎండిన దశ దాకా నది స్థితులను ఆరుగా విడదీశారు. ఏ స్థితిలో ఉన్నప్పుడు ఏం కొలవాలో అప్పుడు ఆలోచిద్దామన్నారు. పాపం, వాళ్లకు జీపెక్కే తొందర ఉండి ఉండదు.

ఎండిన ఏట్లో ఏముంటుందని అడిగేవాళ్లు ఒకసారి చెలమ తీసేవాళ్ల పక్కన కూర్చోవాలి. పైన కాళ్లు కాలే ఇసుకను చేత్తో పక్కకు లాగుతారు. ఒక పొర దాటగానే ఇసుక రంగు ముదురుతుంది, చెయ్యి చల్లబడుతుంది. ఇంకాస్త తవ్వితే గుంత అడుగున మసక నీళ్లు ఊరతాయి. వాటిని చిప్పతో తోడి పారబోస్తారు. మళ్లీ ఊరతాయి, మళ్లీ తోడతారు. ఆ తర్వాత వచ్చేవి తేటనీళ్లు. ఇసుకలో మూరన్నర కిందికి దిగిన నీటిని ఎండ దాదాపు ముట్టుకోలేదు. ఈ కిందినీటిని నమ్ముకునే మన పెద్దలు ఏటి కడుపులోంచి ఊటకాలువలు తవ్వి, మోటార్లు లేకుండా వరి పండించారు. పైన గులకరాళ్ల మధ్య తీతువు గుడ్లు పెట్టి ఉంటుంది. కాలు పెట్టబోయేదాకా రాయికీ గుడ్డుకీ తేడా తెలియదు. మడుగు అడుగున బురదలో కొర్రమీను వాన కోసం కాచుకుని ఉంటుంది. కంటికి ఆనని నీటిపురుగుల గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి నిద్రపోతూ ఉంటాయి. ఇవన్నీ ఏ ఫారంలోనూ లేని జీవాలు. నదికి ఎండడం జబ్బు కాదు, అలవాటు. చెలమ నీళ్లు ఎన్ని మూరల కింద పడుతున్నాయి, తియ్యగా ఉన్నాయా సవ్వగా ఉన్నాయా అనేదే దాని నాడి. గొర్లకాపరికి తెలిసిన ఆ పరీక్షకు ఐఎస్ఐ నంబరు లేకపోవడం ఒక్కటే లోపం.

ఇప్పుడు ఆ ఇసుక సంగతి. కేంద్ర పర్యావరణ శాఖ 2020 మార్గదర్శకాల ప్రకారం ఇసుక తవ్వాలంటే, తవ్విన చోట వరద మళ్లీ ఎంత ఇసుక తెచ్చి నింపుతుందో అధ్యయనం చెయ్యాలి. మంచి నిబంధనే. కాకపోతే వరుసగా కొన్నేళ్లు వరద ముఖమే చూడని ఏట్లోనూ, కాగితం మీద ఏటేటా ఇసుక వచ్చి పడగలదు. లారీలు తీసుకెళ్లేది నిజం ఇసుక, తిరిగి వచ్చేది లెక్కల ఇసుక. రెండూ సరిపోయాయని సంతకం పడుతుంది. ఇసుక పోయాక అడుగున మిగిలిన రాతిలో చెలమా తీయలేరు, ఒడ్డు బావుల్లో ఊటా ఉండదు. ఆ ఏడు కూడా నమూనా ఫారంలో రాసేది పాత ముక్కే: ‘ఎండిపోయింది’. ఇసుక నిండా ఉన్న ఏరుకీ, గీకి పారేసిన ఏరుకీ ఒకే మార్కు.

బతికించే పథకాల ఘనత ఇంకొకటి. ఎక్కణ్నుంచో ఎత్తిపోసిన నీళ్లు చెక్‌డ్యామ్‌లో నిలబెట్టి, జలహారతి పట్టి, నదికి ప్రాణం పోశామంటారు. రైతుకు నీళ్లు రావడం మంచిదే, కాదనేవాడు పాపాత్ముడు. కానీ కదలకుండా ఏడాది పొడుగునా నిలిచిన నీళ్లు చెరువు అవుతాయి. గుర్రపుడెక్క ఎక్కేదాకా దాన్నే నది అని ఫొటోలు తీస్తారు. అంతకన్నా చౌకగా నదులను జీవనదులు చేసే విద్య మన మునిసిపాలిటీలకు తెలుసు. పట్టణం మురుగు మొత్తం వంకలోకి వదిలితే చాలు, నడివేసవిలోనూ పారుతుంది. పరీక్ష వాళ్లకు సీసా కూడా నిండుతుంది.

ఇక తొలి వరద. నెలల తరబడి పోగైన ఆకూ అలమూ, పేడా, ప్లాస్టిక్కూ, మురుగూ ఒక్కరోజున కొట్టుకొస్తాయి. నీళ్లు నల్లగా దిగుతాయి, చేపలు తేలతాయి. ఆ వారం సీసా పడితే ఒక నది, కార్తీకంలో పడితే ఇంకో నది. రెంటినీ కూడి సగటు తీస్తే వచ్చేది భూమ్మీద ఎక్కడా పారని మూడో నది. నివేదికల్లో ఉండేది ఆ మూడోదే.

మే నెల ఫారంలో అడగాల్సినవి మరీ బ్రహ్మవిద్యేం కాదు. చెలమ లోతు, ఇసుక మందం, మిగిలిన మడుగులు, ఒడ్డున రెల్లు ఉందా సర్కారు తుమ్మ కమ్మిందా, మురుగు ఎక్కడ కలుస్తోంది. సీసా బదులు ఒక టేపూ, ఒక పారా చాలు. అదీ కుదరదంటే జేసీబీ నడిపే కుర్రాణ్ని అడగొచ్చు. పోయిన ఏడు ఎన్ని అడుగులకు రాయి తగిలింది, ఈ ఏడు ఎన్ని అడుగులకు తగులుతోంది అన్న లెక్క అతని దగ్గర పక్కాగా ఉంటుంది.